బొత్తాల బామ్మ చెప్పే సమ్మె

పడవ పది గంటలకు రేవులో ఆగేది. మళ్ళీ ఒంటిగంటకు కూత వేసి వెళ్ళిపోయేది. ఆ మూడు గంటల్లోనే పోర్ట్ విలార్డ్ ఊరు తనకున్నదంతా చూపించుకోవాలి. కొండ మీదికి తాడుతో లాగే బుల్లి రైలుపెట్టె, కెప్టెన్ గారి మేడ, బీరు పీపాలు దాచిన గుహలు, చివర్న నది ఒడ్డున బొత్తాల మ్యూజియం. దిగినవాళ్ళలో సగం మంది ముందు మ్యూజియానికే వచ్చేవాళ్ళు. బొత్తాల కోసం కాదు, హుల్డా బామ్మ కోసం.

టిక్కెట్ల కిటికీ వెనక వర్నా టెస్కీ కూర్చునేది. అరవై అయిదేళ్ళ మనిషి. మొగుడు పోయి ఆరేళ్ళయింది. మ్యూజియం తెరిచిన రోజు నుంచీ ఆ కిటికీ ఆమెదే. కిటికీకి పదడుగుల దూరంలో, బొత్తాలు కోసేయగా చిల్లులు పడ్డ ఆల్చిప్పల కుప్ప పక్కన, దిండు వేసిన చెక్క కుర్చీలో హుల్డా బ్రోడర్స్ కూర్చునేది. ఆవిడకి ఎనభై మూడు. తెల్లటి ముడి, మెడ దాకా ముత్యపు బొత్తాలు పెట్టిన నీలం గౌను, ఒళ్ళో ఎప్పుడూ ఒక ఆల్చిప్ప.

"పన్నెండు డజన్లయితే ఒక గ్రోసు," అని మొదలుపెట్టేది హుల్డా. "మీకూ తెలుసు, నాకూ తెలుసు. మా మేస్త్రీకి మాత్రం పద్నాలుగు డజన్లయితేగానీ గ్రోసు కాదు. ఆ పైన రెండు డజన్లూ ఎటుపోయాయో కొండ మీద మేడలు చూస్తే తెలుస్తుంది. టిక్కెట్టు కొంటే లోపలికి కూడా పోనిస్తారు."

జనం నవ్వేవాళ్ళు. నవ్వు ఆగేదాకా ఆగి, గొంతు తగ్గించేది.

"పందొమ్మిది వందల ముప్ఫై మూడు, మార్చి నెల. నది మీద ఇంకా మంచుపెళ్ళలు తేలుతున్నాయి. రేవులో చిప్పల కుప్ప ఇంటెత్తున ఉండేది. ఆ కుప్ప ఎక్కాను. కింద మూడొందల మంది మావాళ్ళు. మేస్త్రీ వచ్చి, ఆడదానివి నీకు లెక్కలెందుకే, దిగు అన్నాడు. నేను రెండు చేతులూ పైకెత్తి చూపించాను. మా చేతులకు లెక్క వచ్చు అన్నాను. అంతే, ఇంకో మాట అనలేదు. ఆ పూట ఒక్క రంపం తిరగలేదు ఊళ్ళో."

అలా చెబుతూ రెండు చేతులూ ఎత్తేది. కుడి చేతి నడిమి వేలు వంకర. "ఇది రంపం చేసిన పని," అనేది, ఎవరూ అడక్కుండానే. అప్పుడు కెమెరాలన్నీ ఒక్కసారి లేచేవి. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

ఆ వేలు యాభై ఒకటో సంవత్సరంలో చర్చి ఆవరణలో కారు తలుపులో పడి నలిగిందని వర్నాకి తెలుసు. చేతికి రుమాలు చుట్టుకుని మూలుగుతూ వెళుతున్న హుల్డాని తను కళ్ళారా చూసింది. హుల్డా కార్ఖానాలో బొత్తాలు ఏరే బల్ల దగ్గర పనిచేసింది. ఏరేవాళ్ళు రంపం ముట్టరు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ మార్చి నెలలో చిప్పల కుప్ప ఎక్కింది హుల్డా కాదు. వర్నా తల్లి, ఆల్మా రైంకి.

ఆల్మా మాటల మనిషి కాదు. పందొమ్మిది వందల డెబ్భై తొమ్మిదిలో, మంచాన పడ్డాక, ఒక మధ్యాహ్నం దుప్పటి అంచు వేళ్ళతో నలుపుతూ కూతురికి చెప్పింది. "కుప్ప ఎక్కింది నేను. అప్పుడు నీకు రెండేళ్ళు. మర్నాడు గేటు దగ్గర మేస్త్రీ చేతిలో కాగితం ఉంది. నలుగురి పేర్లు. మొదటిది నాది. ఆ తర్వాత ఈ ఊళ్ళో ఏ కార్ఖానా వాడూ నన్ను గడప తొక్కనివ్వలేదు. పేర్లిచ్చింది హుల్డా. ముందురోజు సాయంత్రం అది మేస్త్రీ గదిలో నిలబడి ఉండగా కిటికీలోంచి చూశాను."

"మరి ఇన్నేళ్ళూ చర్చిలో ఆవిడ పక్కనే కూర్చున్నావు కదమ్మా."

"ఎక్కడో అక్కడ కూర్చోవాలిగా," అంది ఆల్మా. "ఇది నీలోనే ఉంచుకో." గోడ వైపు తిరిగి పడుకుంది. రెండు వారాలకు పోయింది.

మ్యూజియం పెట్టే నాటికి ఆ మూడొందల మందిలో ఎవరూ మిగల్లేదు. సమ్మె నాటి మనిషి ఎవరైనా ఉన్నారా అని ఊరంతా వెదికితే హుల్డా ఒక్కతే దొరికింది. మొదటి ఏడు హుల్డా "మేము" అని చెప్పేది. మేము పని ఆపాం, మాలో ఒకామె కుప్ప ఎక్కింది, అని. రెండో ఏడు వేసవిలో, ఏ రోజో వర్నాకి గుర్తులేదు గానీ, "మేము" పోయి "నేను" వచ్చింది. వర్నా చేతిలో టిక్కెట్టు సగం చిరిగి ఆగిపోయింది. పరిగెత్తుకెళ్ళి ఆ ముసలిదాని నోరు మూయాలనిపించింది. మూయలేదు. తల్లి చెప్పొద్దంది. చేతిలో ఉన్న ఒక్క ఉద్యోగమూ ఇదే. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, ఇంకెన్నాళ్ళు చెబుతుందిలే అనుకుంది. హుల్డా మాత్రం ఆ కుర్చీలో ఏడాదికేడాది కళకళలాడుతూ వచ్చింది. మింగలేక కక్కలేక వర్నా అయిదేళ్ళు టిక్కెట్లు చింపింది.

తొంభై ఆరు ఏప్రిల్‌లో మ్యూజియం డైరెక్టరు డెనీస్ హాలొరన్ ఒక పెద్ద కాగితం చుట్ట పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చింది. రాష్ట్ర రాజధాని నుంచి వచ్చిన ముప్ఫై నాలుగేళ్ళ అమ్మాయి. మంచి పిల్ల. పొద్దున్నే వర్నాకి కూడా కాఫీ తెచ్చేది.

"వర్నా గారూ, ఇది చూడండి. సెప్టెంబరులో రేవులో నిలబెడుతున్నాం. మీ కిటికీలోంచి కనబడుతుంది."

కంచు విగ్రహం బొమ్మ అది. ఒక పడుచు ఆడది చిప్పల కుప్ప మీద నిలబడి రెండు చేతులూ ఎత్తి ఉంది. కింద దిమ్మ మీద, "మా చేతులకు లెక్క వచ్చు. హుల్డా బ్రోడర్స్."

వర్నా బొమ్మ మొహం మీద వేలు పెట్టింది. "ఈ మొహం హుల్డాది."

"అవునండీ. ఆవిడ పడుచు వయసు ఫోటో చూసి గీశారు."

"కుప్ప ఎక్కింది ఆవిడ కాదు, డెనీస్. మా అమ్మ."

డెనీస్ కాగితం చుట్టేసి, లోపలికొచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది. మొత్తం విన్నది. మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. అయ్యాక మెల్లిగా అడిగింది. "ఫోటో ఏదైనా ఉందా?"

"కెమెరా ఎవరికుంది అప్పుడు?"

"అప్పటి పేపర్లు నేను చూశాను. ఒక స్త్రీ అని రాశారు తప్ప పేరు రాయలేదు. చూసినవాళ్ళు ఎవరైనా?"

"చూసినవాళ్ళలో హుల్డాయే మిగిలింది."

"ఆవిడ చెప్పేది మనం రోజుకు నాలుగుసార్లు వింటున్నాం కదండీ," అంది డెనీస్. వెటకారంగా అనలేదు. అందుకే వర్నా కడుపు ఇంకా మండింది.

ఆ సాయంత్రం అన్న ఎల్డన్ ఇంటికి వెళ్ళింది. వర్నా కన్నా మూడేళ్ళు పెద్దవాడు. నది ఆనకట్టలో పడవల్ని దాటించే గేటు దగ్గర ముప్ఫై అయిదేళ్ళు చేసి రిటైరయ్యాడు. షెడ్డులో పడవ మోటారు విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. చెల్లెలు చెప్పిందంతా తల ఎత్తకుండా విన్నాడు.

"వదిలెయ్యవే వర్నా."

"ఎందుకొదలాలి?"

"అమ్మ వదిలేసింది గనక."

"అమ్మకి విగ్రహం పెడతారని తెలీదు."

"తెలిసినా వదిలేసేదే." స్పానరు పక్కన పెట్టి, గుడ్డతో చేతులు తుడుచుకుని, మళ్ళీ అదే స్పానరు తీసుకున్నాడు. "నా మాట విను. తవ్వకు."

వర్నా వినలేదు. మర్నాడు తిన్నగా ఊరి పేపరు ఆఫీసుకు వెళ్ళింది. బుధవారం నాటి సంచికలో రెండో పేజీలో వేశారు. కిటికీ వెనక కూర్చున్న వర్నా ఫోటో, పైన పెద్దక్షరాలతో "కుప్ప ఎక్కింది మా అమ్మ." వర్నా చెప్పిన మాటలు చెప్పినట్టే వేశారు. పేర్ల కాగితం సంగతి, మేస్త్రీ గది కిటికీ సంగతి. చివర్న, "పనిలోంచి తీసేసినా మా అమ్మ ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. తలెత్తుకుని మమ్మల్ని పెంచింది," అన్న మాట కూడా.

ఊరు ఊరంతా మొహం మార్చుకుంది. ముప్ఫై ఏళ్ళ పరిచయమున్న రొట్టెల దుకాణం ఆవిడ చిల్లర బల్ల మీద పెట్టి అటు తిరిగింది. చర్చిలో కాఫీ దగ్గర ఒకాయన అందరికీ వినబడేలా, "కాటికి కాళ్ళు చాపిన మనిషి మీద ఇప్పుడా కక్ష తీర్చుకోవడం," అన్నాడు. రేవు ఎదుట హోటలాయన మర్యాదగానే మాట్లాడాడు. "చూడమ్మా, విగ్రహం పెడితే వారానికి ఇంకో రెండు పడవలు ఆపుతామంటున్నారు పడవల కంపెనీవాళ్ళు. అది మీ అమ్మయితేనేం, ఆవిడయితేనేం?"

పై వారం పేపరువాళ్ళు హుల్డా దగ్గరికి వెళ్ళారు. హుల్డా వాళ్ళకి కేకు పెట్టి, "ఆల్మా నా ప్రాణ స్నేహితురాలు. ఆ రోజు నా పక్కనే నిలబడింది. తల్లి మీద ప్రేమ కొద్దీ అంటోంది పాపం ఆ పిల్ల. నాకేం కోపం లేదు," అంది. అది చదివి ఊరు కరిగిపోయింది. టిక్కెట్టు కొనడానికొచ్చిన ఊరావిడ ఒకామె, కిటికీలోంచి వర్నా చెయ్యి తట్టి, "మీ అమ్మ ఆవిడ పక్కనే నిలబడిందట కదా, అదీ గొప్పే," అని ఓదార్చింది.

మ్యూజియం కమిటీవాళ్ళు వర్నాని తీసేయమన్నారు. డెనీస్ వాళ్ళతో గట్టిగా వాదించి ఆపింది. ఆ సంగతి వర్నాకి చెప్పి, "ఇక ఆ విషయం ఇక్కడ ఎత్తకండి వర్నా గారూ. నా మాట నిలబెట్టండి," అంది.

మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం హుల్డా మేనకోడలు ఫోను చేసింది. "అత్తయ్య మిమ్మల్ని కాఫీకి రమ్మంటోంది," అని. వర్నా కోటు తగిలించుకుని, అనవలసిన మాటలన్నీ దారి పొడుగునా కూడబలుక్కుంటూ వెళ్ళింది.

పాత బీరు కార్ఖానా వెనక సందులో చిన్న తెల్ల ఇల్లు. మేనకోడలు తలుపు తీసి, అత్తయ్య చెప్పినట్టుంది, తన సంచీ తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. హుల్డా వంటింట్లో కూర్చుని ఉంది. నీలం గౌను లేదు, మోచేతుల దగ్గర వదులైపోయిన స్వెట్టరు. కాళ్ళు వేడినీళ్ళ బేసిన్‌లో ఉన్నాయి. మ్యూజియం కుర్చీలో కనబడే మనిషిలో సగం ఉంది.

"కూర్చో అమ్మాయ్. ఆపిల్ కేకు తిను. విషం కలపలేదులే."

"తినడానికి రాలేదు, మిసెస్ బ్రోడర్స్."

"తెలుసు. మీ అమ్మ మూతే వచ్చింది నీకు. అదీ ఇలాగే బిగించేది." కత్తితో కేకు కోసి, ముక్క పళ్ళెంలో పెట్టి వర్నా వైపు తోసింది. "పేర్లు నేనే ఇచ్చాను."

హుల్డా కాదంటుందనుకుని వచ్చింది వర్నా. కాదన్నదానికే జవాబులు సిద్ధం చేసుకుంది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాలుగు పేర్లు," అంది హుల్డా. "మీ అమ్మది మొదట చెప్పాను. అంతమంది ముందు కుప్ప ఎక్కింది, ఎలాగూ వాళ్ళకి తెలిసిన పేరే, నేను చెప్పినా ఒకటే అనుకున్నాను. మిగిలిన మూడూ వాళ్ళకి తెలియనివి. నాకు చాలా ఏళ్ళు ఆ ముగ్గురే గుర్తొచ్చేవాళ్ళు."

"ఎందుకిచ్చారు?"

"మా నాన్న దగ్గుతూ మంచాన ఉన్నాడు, ముగ్గురు చెల్లెళ్ళు, ఇలాంటివి చెప్పాలంటే బోలెడుంటాయి. భయమేసి ఇచ్చాను. ఏరే బల్లల్లో కిటికీ పక్క బల్ల నాకిచ్చారు. ముప్ఫై ఏళ్ళు ఆ వెలుతుర్లో కూర్చున్నాను. మిగతావాళ్ళకి నలభై ఏళ్ళకే చూపు పోయింది. నాకు ఇప్పటికీ సూదిలో దారం ఎక్కుతుంది."

"మరి ఈ కథేమిటి? ఆ కుర్చీ ఏమిటి?"

"మ్యూజియంవాళ్ళు వచ్చి సమ్మెలో ఉన్నారా అని అడిగారు. ఉన్నానన్నాను. ఏ వైపు అని వాళ్ళడగలేదు." కాళ్ళు నీళ్ళలో కొంచెం కదిపింది. "మొదట్లో మేము అనే చెప్పాను, విన్నావుగా. జనం మొహాలు చూసేదాన్ని. మేము అంటే తల ఊపి ఊరుకుంటారు. ఒకరోజు 'నేను' అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందనుకున్నావు. రెండో రోజుకి ఆ కుప్ప మీద నుంచి నది ఎలా కనబడిందో కూడా గుర్తొచ్చింది నాకు."

"మా అమ్మని అమ్ముకున్నారు మీరు."

"అమ్ముకున్నాను. నువ్వు చింపే టిక్కెట్లు ఇంక దేనివనుకున్నావు?"

వర్నా లేచింది. కోటు గుండీలు పెట్టుకోసాగింది.

"కూర్చో," అంది హుల్డా. గొంతు హెచ్చించలేదు. "నీకు మీ అమ్మ చెప్పనిది ఇంకొకటుంది. నువ్వు పేపరుకెక్కకపోతే నేనూ చెప్పేదాన్ని కాదు. ఎవరి ముందూ చెయ్యి చాపలేదని రాయించావు చూడు, అది చదివి ఊరుకోలేకపోయాను."

వర్నా నిలబడే ఉంది.

"ఆ ఏడు అక్టోబరులో, నిన్ను చంకనేసుకుని ఆ వెనక గుమ్మం దగ్గరికొచ్చింది. మీ నాన్నకీ పని లేదు అప్పటికి. తిట్టడానికొచ్చిందనుకుని చీపురు పట్టుకుని తలుపు తీశాను. తిట్టలేదు. ఏదైనా పని ఇప్పించమంది. కాళ్ళు పట్టుకుందని అబద్ధం చెప్పను. కానీ ఆ గొంతు, కుప్ప మీద విన్న గొంతు కాదు. నిన్ను కిందకి దింపమన్నాను, దింపలేదు. నువ్వు నా చీపురు పట్టుకు లాగుతున్నావు." హుల్డా కత్తి పక్కన పెట్టింది. "ఆల్మా పేరు మీద పని ఇవ్వరు. అందుకని నా పేరు మీద రాయించుకున్నాను. అట్టలకి బొత్తాలు కుట్టే పని, ఇంటి దగ్గర చేసుకునేది. ఎనిమిదేళ్ళు ఇచ్చాను. నువ్వూ కుట్టావు."

కుట్టింది. ఆ బల్ల వర్నాకి బాగా గుర్తు. బడి నుంచి రాగానే కూర్చునేది. అట్ట మీద టోపీ పెట్టుకున్న దొరసాని బొమ్మ, ఆ బొమ్మ కింద రెండు వరసల్లో పన్నెండు బొత్తాలు. సూది గుచ్చుకుంటే రక్తం అట్టకి అంటకముందే వేలు నోట్లో పెట్టుకోవాలని తల్లి నేర్పింది. ఈ పనెవరిచ్చారమ్మా అని అడిగితే, కొట్టువాళ్ళు అనేది. ఇన్నేళ్ళూ వర్నా మనసులో తల్లి అభిమానమంతా ఆ బల్ల దగ్గరే ఉంది.

"ఇప్పుడు విను," అంది హుల్డా. "నేను పేర్లిచ్చానని ఊళ్ళో చెప్పు. ఆల్మా నా గుమ్మంలోకి వచ్చి అడిగిందనీ, నేనిచ్చిన పనితోనే మీకు తిండి పెట్టిందనీ కూడా చెప్పు. రెండూ కలిపి చెబితే, అవును నిజమేనని అందరి ముందూ నేనూ అంటాను. విగ్రహానికి ఎవరి మొహం కావాలంటే అది పెట్టుకోమంటాను. ఒకటే చెబుతానంటే మాత్రం, నువ్వు అబద్ధాలాడుతున్నావనే అంటాను. నేను చచ్చేదాకా అంటాను."

కేకు పళ్ళెం అలాగే ఉండిపోయింది. వర్నా వెనక గుమ్మంలోంచి బయటికి వచ్చి, ఏ గుమ్మంలోంచి వచ్చిందో మెట్లు దిగాక గానీ తెలుసుకోలేదు.

తిన్నగా ఎల్డన్ షెడ్డుకి వెళ్ళింది. చెప్పడం మొదలుపెట్టగానే ఆయన మొహం చూసి ఆగింది.

"నీకు తెలుసు."

"ఆ బొత్తాల పెట్టెలు తెచ్చింది నేనే కదే," అన్నాడు ఎల్డన్. "చెక్కబండి తీసుకుని శనివారం శనివారం ఆవిడ ఇంటి వెనక్కి వెళ్ళేవాణ్ణి. నీకు చెప్పొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది. ఆడపిల్లకి తెలియకపోతేనే మంచిది, తల్లి గురించి మంచిగా అనుకుంటూ పెరుగుతుంది అంది."

"అందుకా తవ్వొద్దన్నావు?"

"అందుకే. తవ్వావుగా ఇప్పుడు. ఇక రెండూ చెప్పెయ్. ఇందులో సిగ్గుపడేదేముంది? పిల్లలకి తిండి పెట్టింది."

"నువ్వు చెప్పు మరి."

"నాకు విగ్రహం అక్కర్లేదు వర్నా. నీకు కావాలి."

ఆ వేసవంతా వర్నా రోజూ పొద్దున్న ఈ రోజు చెబుతాను అనుకునే ఇల్లు వదిలేది. తల్లి రెండు చేతులూ ఎత్తి కుప్ప మీద నిలబడ్డం చెప్పగలదు. అదే తల్లి చంకన పిల్లతో ఆ గుమ్మంలో నిలబడ్డం చెప్పాలంటే నాలుక లేవదు. రొట్టెల దుకాణం ఆవిడ, చర్చిలో ఆ పెద్దమనిషి, వాళ్ళ మొహాల్లో ఓహో అన్న చూపు ముందే కనబడేది. హుల్డా మాట తప్పలేదు. ప్రతి రోజూ కథ మొదలుపెట్టే ముందు ఒకసారి కిటికీ వైపు చూసేది. చెబుతావా అన్నట్టు. వర్నా తల దించుకుని టిక్కెట్లు చింపేది. అప్పుడు హుల్డా జనం వైపు తిరిగి, "పన్నెండు డజన్లయితే ఒక గ్రోసు," అనేది.

ఆగస్టులో ఒకసారి డెనీస్ గది తలుపు దాకా వెళ్ళింది. తలుపు తీసే ఉంది. "రండి వర్నా గారూ," అంది డెనీస్. వర్నా, టిక్కెట్ల చుట్టలు అయిపోవచ్చాయని చెప్పి తిరిగొచ్చింది.

సెప్టెంబరు రెండో శనివారం విగ్రహం నిలబెట్టారు. బడిపిల్లల బ్యాండు, మేయరు, మూడు పడవల జనం. చక్రాల కుర్చీలో వచ్చిన హుల్డాని ఇద్దరు పట్టుకుని లేపితే కంచు పాదం మీద చెయ్యి వేసింది. మాట్లాడమంటే రెండే ముక్కలు మాట్లాడింది. "నేను అంత అందంగా ఎప్పుడూ లేను," అంది, జనం నవ్వారు. వర్నా కిటికీ వదిలి వెళ్ళలేదు. ఆ రోజు టిక్కెట్టు లేకుండా లోపలికి పోనివ్వమన్నారు గనక ఆమెకి చేయడానికి పని కూడా లేదు.

ఫిబ్రవరిలో, నది గడ్డకట్టి ఉన్నప్పుడు, హుల్డా నిద్రలోనే పోయింది. చర్చిలో పట్టలేదు జనం. వర్నా వెనక వరసలో కూర్చుంది. బయటికి వస్తుంటే మేనకోడలు ఆపింది.

"చివర్లో మీ గురించే అడిగేదండీ. ఆ టిక్కెట్ల అమ్మాయి ఏమైనా చెప్పిందా, ఏమైనా చెప్పిందా అని. ఏం చెప్పాలి మీరు?"

"ఏం లేదు," అంది వర్నా.

వసంతానికి డెనీస్, హుల్డా బతికుండగా రికార్డు చేసిన గొంతు ఒక పెట్టెలో పెట్టించింది. ఖాళీ కుర్చీ చుట్టూ తాడు కట్టి, పక్కన మీట పెట్టారు. మీట నొక్కితే హుల్డా చెబుతుంది. ఇదివరకు రోజుకు నాలుగుసార్లు వినేది వర్నా. ఇప్పుడు పిల్లలు నొక్కినన్నిసార్లూ వినేది.

జూన్‌లో ఒక మంగళవారం పెట్టె నోరు పడిపోయింది. ఎంత నొక్కినా గరగర తప్ప మాట లేదు. పడవ దిగిన అరవై మంది కుర్చీ ముందు నిలబడి ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. డెనీస్ ఊళ్ళో లేదు. వర్నా కిటికీ మూసి, బయటికొచ్చి, తాడుకి ఇవతల నిలబడింది. ఆమె ఏమీ ఆలోచించుకోలేదు. నోరు తెరిస్తే వచ్చింది.

"కుప్ప ఎక్కింది ఆల్మా రైంకి అనే ఆవిడ," అంది. పద్నాలుగు డజన్లూ చెప్పింది. చేతులకు లెక్క రావడమూ చెప్పింది. అక్కడ ఆగలేదు. నలుగురి పేర్లున్న కాగితం, ఆ పేర్లు ఎవరిచ్చారో, కిటికీ పక్క బల్ల, అక్టోబరులో చంకన పిల్లతో వెనక గుమ్మం, ఎనిమిదేళ్ళ అట్టలు, ఆ తిండి తిని పెరిగిన పిల్ల తనేననీ, అన్నీ వరసగా చెప్పింది. ముఖ్యమైన చోటుకి వచ్చేసరికి వెనక ఉన్న ఇద్దరు గడియారం చూసుకుని భోజనానికి జారుకున్నారు. చెప్పడం అయ్యాక ముందు వరసలో ఒకావిడ, "పాపం, అప్పటి రోజులే అంత," అంది. మిగతావాళ్ళు మర్యాదగా చప్పట్లు కొట్టారు. ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, కొండ రైలు ఎక్కి వస్తే పడవ అందుతుందా అని అడిగాడు. అందుతుంది, లైనుని బట్టి, అంది వర్నా.

బుధవారం డెనీస్ వచ్చింది. "నిన్న మీరే చెప్పారట కదండీ. చాలా థాంక్స్. పేర్లు మాత్రం కొంచెం వేరుగా చెప్పారట?"

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదు. కాస్త పొడుగైందన్నారంతే."

"నేను చెప్పిందంతా నిజం, డెనీస్."

"అయ్యుంటుందండీ," అంది డెనీస్. ఆ పిల్ల కళ్ళలో నిజంగానే జాలి ఉంది. "కానీ విగ్రహం పోత పోసేశాం కదా."

గురువారానికి పెట్టె బాగయింది. వర్నా అక్టోబరులో పడవలు ఆగేదాకా చేసి మానేసింది. కారణమేమిటని అడిగితే మోకాళ్ళ నొప్పులంది. వెళ్ళిపోయేరోజు కమిటీవాళ్ళు ఒక కేకు, ఒక కార్డు ఇచ్చారు. కార్డు మీద రేవులోని విగ్రహం ఫోటో ఉంది.

ఆ సాయంత్రం ఎల్డన్ కేకు కోస్తూ అడిగాడు. "ఎప్పటికైనా చెబుతావా లేదా?"

"జూన్‌లోనే చెప్పాను," అంది వర్నా. "రెండూ చెప్పాను. అరవై మంది విన్నారు."

ఎల్డన్ కత్తి ఆపి చూశాడు. "ఏమన్నారు?"

"భోజనానికి టైమయిందని వెళ్ళిపోయారు."